కడిగిన బొగ్గు

పోయిన వారం కోడలిని ఫిల్టర్ షెడ్డు తలుపు దగ్గర నిలబెట్టి వెళ్ళిపోయాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. లోపల మోటారు తిరుగుతోంది. ఆ వేళకు తిరగాల్సిన మోటారు కాదది.

మధ్యలో అందుకున్న వాళ్ళ కోసం నాలుగు మాటలు. ఈ ఊరి బావుల్లోకి ఒక పాత ఫ్యాక్టరీ నుంచి రసాయనం దిగింది. నూనె అంటని పెనాలకూ, తడవని కోట్లకూ పూత వేసే ఫ్యాక్టరీ అది. అది మూతబడి చాలా కాలమైంది. వదిలిన మందు మాత్రం భూమిలోనే ఉంది. ఎండకు చెడదు, మరిగిస్తే పోదు, మట్టిలో పడి కుళ్ళదు. జనం దానికి మొండిమందు అని పేరు పెట్టారు. దాన్ని పట్టడానికి నీళ్ళ బోర్డు వాళ్ళు రెండు పొడుగాటి ఇనప ట్యాంకులు నిలబెట్టి బొగ్గు పోయించారు. పొయ్యిలో బొగ్గు కాదు. ఆవిరి పట్టి కాల్చి, గింజ గింజకూ కంటికి ఆననన్ని బొరియలు చేసిన బొగ్గు. మొండిమందు ఆ బొరియల్లో దూరి అక్కడే ఇరుక్కుపోతుంది. నీళ్ళు ముందు ఒక ట్యాంకులో దిగి, ఆపైన రెండో దాంట్లో దిగి, అప్పుడు ఊళ్ళోకి పోతాయి. షెడ్డులో మొదటిదాన్ని పెద్దోడనీ, రెండోదాన్ని చిన్నోడనీ అంటారు. పెద్దోడి చేతిలోంచి జారింది చిన్నోడికి చిక్కాలి.

చిక్కడం లేదు. కోడలు బోర్డులో నీళ్ళ పరీక్షలు చేస్తుంది. చిన్నోడి తర్వాతి కుళాయిలో పట్టిన నీళ్ళలో ఆమెకు మొండిమందు కనిపించింది. బోర్డు ఇంజనీరు నమ్మలేదు. ఆ మందు రెయిన్‌కోటుల్లో ఉంటుంది, ఒంటికి రాసుకునే క్రీముల్లో ఉంటుంది, నీ చేతి నుంచే సీసాలో పడి ఉంటుందన్నాడు. ఆమె క్రీము మానేసింది. ఉతికి ఉతికి పలచబడిన నూలు చొక్కా వేసుకుని మళ్ళీ పట్టింది. మళ్ళీ కనిపించింది. అయినా ఇవాళ మధ్యాహ్నం కౌన్సిల్ మీటింగులో లేచి, తప్పు నా చేతిదేనని చెప్పాలని ఇంజనీరు మాట. చెబితే ఆమె ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే బొగ్గు ఎందుకు పట్టడం లేదో చెప్పాలి. అదే ఆమెకు తెలియదు. తెలుసుకుందామని పొద్దున్నే షెడ్డుకు వచ్చింది.

తలుపు తోసింది.

చిన్నోడి పక్కన ఇనప మెట్ల మీద ఆమె మామ కూర్చుని ఉన్నాడు. ఊరంతా ఆయన్ని మేస్త్రీ అంటుంది. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, ఒక చెయ్యి వాల్వు మీద వేసి, ఎడ్లు నీళ్ళు తాగుతుంటే చూసే రైతులాగా నిమ్మళంగా ఉన్నాడు. ట్యాంకు పైన గొట్టంలోంచి నల్లటి నీళ్ళు దబదబా కింది కాలువలో పడుతున్నాయి. ట్యాంకు పక్కన గుండ్రటి గాజు కిటికీ ఒకటి ఉంది. దాని వెనక బొగ్గు ఉడుకుతున్న ఎసరులాగా కిందా మీదా అవుతోంది.

"ఏమ్మా, ఇవాళ సీసాలు లేకుండా వచ్చావు?"

"ఏం చేస్తున్నారు మావయ్యా?"

"కనపడ్డం లేదా? చిన్నోడికి స్నానం. పెద్దోడికి నిన్ననే అయింది."

"ఎప్పట్నుంచి ఇది?"

"ఎప్పట్నుంచేంటి, వాళ్ళొచ్చిన కాణ్ణించీ. పెద్దోడు కాస్త నయం. వీడు మరీ పాచిమొహం వెధవ. ఎప్పుడు చూడు, నల్లగా కక్కుతూనే ఉంటాడు."

మేస్త్రీ నవ్వాడు. కోడలు నవ్వలేదు.

ఈ ట్యాంకులు రాకముందు ఇదే షెడ్డులో ఇసక ఫిల్టర్లుండేవి. మీసం రాని వయసు నుంచి మేస్త్రీ వాటి మీదే బతికాడు. ఇసక మురికిని తన పై పొరలో పట్టుకుంటుంది. కింది నుంచి నీళ్ళు ఎదురు తన్నిస్తే మురికి తేలి పోతుంది, ఇసక మళ్ళీ కొత్తదవుతుంది. ఆ కడగడంలో ఆయనంతటి వాడు లేడు. వేరే ఊళ్ళ వాళ్ళు వచ్చి చూసి పోయేవారు. నీళ్ళు తేట తేరేదాకా ఆయన వాల్వు వదిలేవాడు కాదు, కడుపు మాడుతున్నా వదిలేవాడు కాదు. ఇసక పోయి బొగ్గు వచ్చింది. చెయ్యి మాత్రం పాత చెయ్యే.

కోడలు కాలువ పక్కన గొంతుక్కూర్చుంది. నల్లనీళ్ళు ఆమె కాళ్ళ మీద చిందుతున్నాయి. బొగ్గు నింపడానికి వచ్చిన కంపెనీ మనిషి పై గదిలో చెప్పిన మాట ఆమె చెవిలో ఇప్పుడు మళ్ళీ మోగింది. నింపిన రోజు ఒక్కసారి కడగండి, ఆ తర్వాత నీళ్ళు దిగకుండా అడ్డుపడితే తప్ప ముట్టుకోవద్దు అన్నాడతను. ఇది మేస్త్రీకి చెప్పాలి సార్ అని ఆమె ఇంజనీరుతో అంది. నేను చెబుతాలే అన్నాడాయన.

"మోటారు ఆపండి మావయ్యా."

"తేట రానీ, ఆపుతా."

"తేట రాదు. ఆపండి."

మేస్త్రీ ఆమె వంక చూశాడు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆ పిల్ల తన ముందు గొంతు పెంచి ఎరగదు. ఇంట్లో ఏదైనా కావాలన్నా గుమ్మం అవతల నిలబడి, గోడతో చెప్పినట్టు చెబుతుంది. ఆయన లేచి స్విచ్చి నొక్కాడు. మోటారు మూలిగి ఆగింది. షెడ్డులో చెవులు గుయ్యిమన్నాయి.

"ఎవరికేమైంది?" అన్నాడు మెట్లు దిగుతూ.

కోడలు దోసిట్లో నల్లనీళ్ళు పట్టి ఆయన చేతిలో పోసింది.

"ఏంటిది?"

"మురికి."

"నలిపి చూడండి."

మేస్త్రీ బొటనవేలితో నలిపాడు. ఆయన వేళ్ళు అబద్ధం చెప్పవు. మళ్ళీ నలిపాడు.

"గరగరలాడుతోంది. బొగ్గు."

"బొగ్గే. మీరు మురికి కడగడం లేదు మావయ్యా. బొగ్గునే అరగదీసి కాలవలో పోస్తున్నారు."

"పోతే నాలుగు గింజల పొడి పోయింది. దానికింత కంగారెందుకు? మొండిమందు కూడా దాంతోనే పోద్దిగా."

"కడిగితే పోయేదైతే దానికి బొగ్గెందుకు? ఆ మందు కడిగితే పోదు. బొగ్గులో దూరిందంటే దూరినట్టే. కాలిస్తేనే మొత్తం వదులుతుంది."

"మరి కడిగితే నష్టమేంటి?"

కోడలు తేలిక మాట వెతుక్కుంది. చదివిన మాటలు ఇక్కడ పనికిరావు.

"బస్సనుకోండి మావయ్యా. జనం ముందు తలుపు నుంచి ఎక్కుతున్నారు. ఎక్కినోళ్ళు ముందు సీట్లలోనే కూలబడతారు. అవి నిండితేనే వెనక్కి పోతారు. వెనక తలుపు దగ్గర సీట్లు ఖాళీగా ఉన్నంత కాలం ఆ తలుపులోంచి ఒక్కడూ దిగడు. అవునా?"

"ఊఁ."

"మన ట్యాంకులో నీళ్ళు పైనుంచి దిగుతాయి. పైన బొగ్గు ముందు నిండుతుంది. అడుగు బొగ్గు ఖాళీగా కాపలా కాస్తుంది. మీరేమో కింద నుంచి తన్నించి మొత్తం కలియబెట్టారు. నిండిన సీట్లన్నీ పట్టుకెళ్ళి వెనక తలుపు దగ్గరేశారు."

"అంటే కండక్టర్నై నేనే దింపేశానంటావ్."

"దింపలేదు. తోసేశారు. కొత్తగా ఎక్కుతున్నోళ్ళు వాళ్ళని ఇంకా తోస్తున్నారు."

మేస్త్రీ నోరు నవ్వబోయి ఆగింది. ఆయన వెళ్ళి గాజు కిటికీ ముందు నిలబడ్డాడు. మోటారు ఆగాక బొగ్గు సద్దుమణిగింది. నింపిన రోజున అది కిటికీ పైఅంచు దాటి ఉండేది. ఇప్పుడు కిటికీ కిందిఅంచుకు దిగింది. ఆయన దాన్ని ఎన్నోసార్లు చూశాడు. ఈ రోజు చూసినట్టు చూడలేదు.

"సర్దుకుంటోందనుకున్నా," అన్నాడు.

తర్వాత గాజును చొక్కా చేతితో తుడిచాడు. తుడవాల్సిందేమీ లేదక్కడ.

"ఆ రోజు మీరంతా పై గదిలో కూర్చున్నారు," అన్నాడు కిటికీతోనే. "కుర్చీలు మోసింది నేను. కుర్చీలు సరిపోయాయని చెప్పి తలుపేసుకున్నారు."

"ఇంజనీరు గారు మీకు చెబుతానన్నారు."

"ఆయన సంగతి సరే. ఒక కుండలో వండిందే ఇద్దరం తింటున్నాం. నీకు తెలుసు. నాకు చెప్పడానికి మధ్యలో ఇంకొకడు కావాలా?"

"మీ పని మీకు నేను చెప్పడమా మావయ్యా?" అంది కోడలు. "అత్తయ్య ఉన్న రోజుల్లో ఒకసారి మీ పంపు గురించి ఏదో అన్నాను. గుర్తుందా? ఇంట్లో పిల్లి కూడా నాతో మాట్లాడలేదు."

మేస్త్రీకి గుర్తుంది. మామా కోడళ్ళు ఇద్దరూ రెండు ట్యాంకుల మధ్య నిలబడ్డారు. అక్కడ ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడేంత చోటు లేదు. ఒకరు పోవాలంటే ఇంకొకరు పక్కకు ఒత్తిగిలాలి. ఎవరూ కదల్లేదు.

కోడలి చూపు కుళాయి కింద పెట్టిన క్యాను మీద పడింది. మూత తీసి, సిద్ధంగా ఉంది.

"ఇది ఇంటికా?"

"పిచ్చుకకి."

పిచ్చుక అంటే మేస్త్రీ కూతురు. చిన్నప్పుడు సన్నగా ఉండి, కిచకిచమంటూ ఉండేదని ఆ పేరు. ఇప్పుడు నెలలు నిండుతున్నాయి. మొగుడు లారీ మీద దూరాలు పోతుంటాడు, పిల్ల తండ్రి దగ్గరే ఉంటోంది. నీళ్ళు బాగా తాగమని డాక్టరు చెప్పింది. అప్పటి నుంచి మేస్త్రీ రోజూ చిన్నోడి కుళాయి నుంచే క్యాను నింపి భుజాన వేసుకుని పోతున్నాడు. ఊళ్ళో పైపుల్లో పడి తిరగని నీళ్ళు, పుట్టిన చోటే పట్టిన నీళ్ళు అని ఆయన గొప్ప. నాన్న నన్ను కుండీలో మొక్కననుకుంటున్నాడు వదినా అని పిచ్చుక నవ్వేది, గ్లాసు ఖాళీ చేసేది.

"ఏ వేళకు పడతారు?"

"కడిగాక. కడిగిన వెంటనే. అప్పుడే కదా..."

ఆయన మాట అక్కడ తెగింది. మొహంలో నెత్తురు మెల్లగా దిగిపోవడం కోడలు చూసింది. బొగ్గంతా కలగలిసి, మందు పట్టిన పొడి కూడా నీళ్ళలో పడి వచ్చే వేళ అది. ఊరందరికన్నా ముందు, ఊరందరికన్నా చిక్కగా ఆ నీళ్ళు ఆయన ఇంటికే వెళ్ళాయి. ఆయన భుజం మీదే వెళ్ళాయి.

"ఏమవుద్దమ్మా?"

"తెలీదు."

"చదువుకున్నావు. తెలీదంటే?"

"ఏమీ కాకపోవచ్చు మావయ్యా. కొంతమందికి బిడ్డ బరువు తగ్గుతుందంటారు. ముందు తాగడం ఆపాలి. డాక్టరుకి చెప్పాలి, వాళ్ళు చూసుకుంటూ ఉంటారు. చెబితేనే కదా చూసేది."

మేస్త్రీ జేబులోంచి ఫోను తీశాడు. అవతల పిచ్చుక గొంతు షెడ్డంతా వినిపించింది.

"ఏంటి నాన్నా, పొద్దున్నే? చెప్పులు మర్చిపోయావా?"

"క్యాను నీళ్ళు తాగమాకు."

"ఎందుకు?"

"తాగమాకంటే తాగమాకు. కుళాయియీ వద్దు. కొట్లో సీసాలు తెప్పించుకో."

"ఏమైంది వాటికి?"

మేస్త్రీ కోడలి వంక చూశాడు. కోడలు నేల వంక చూసింది.

"క్యాను సరిగ్గా కడగలేదమ్మా."

"నువ్వా? నువ్వు కడగలేదా?" పిచ్చుక పగలబడి నవ్వింది. "ఈ ముక్క అన్నయ్యకి చెప్పాలి!"

ఆయన ఫోను ఆపి, జేబులో పెట్టబోయి, జేబు దొరక్క చేతిలోనే పట్టుకున్నాడు.

అప్పుడే ఇంజనీరు వచ్చాడు. మెత్తటి మనిషి. ఎవరి మీదా గొంతెత్తడు. తలుపు దగ్గర బూట్లకు నల్లనీళ్ళు అంటకుండా ఒక ఇటుక మీద నుంచి ఇంకో ఇటుక మీదికి అడుగేస్తూ వచ్చాడు.

"ఇక్కడున్నావా అమ్మా? మీటింగులో చెప్పాల్సింది చూసుకున్నావా? రెండు ముక్కలు చాలు. చేతికి క్రీము ఉండిపోయింది, గమనించలేదు. అంతే. ఎవరూ నిన్ను కొట్టరు."

"క్రీము కాదు సార్. బొగ్గు కలిసిపోయింది. మావయ్య కడుగుతున్నారు."

"కడగడమేంటి?"

"వచ్చిన కాణ్ణించీ కడుగుతున్నా సార్," అన్నాడు మేస్త్రీ. "కడగొద్దని నాకు తెలీదు."

ఇంజనీరు కాలు ఇటుక మీద నుంచి జారి నీళ్ళలో పడింది. బూటు సంగతి ఆయన చూసుకోలేదు. కాలువ వంక, గాజు కిటికీ వంక, మళ్ళీ కాలువ వంక చూశాడు. ఇప్పటిదాకా క్రీము మాటను ఆయన నిజంగానే నమ్మాడని కోడలికి అప్పుడు తెలిసింది. మా ఇంట్లో మా పిల్లలూ అవే తాగుతున్నారమ్మా అని నిన్న అన్నప్పుడు ఆయన బొంకలేదు. మరిచిపోయిన పని ఒకటి ఆయన కళ్ళ ముందుకు వచ్చి నిలబడింది. ఆయన దాన్ని పోల్చుకున్నాడు. పోల్చుకున్న మరుక్షణం మొహం తిప్పుకున్నాడు.

"నీకు చెప్పాను కదా మేస్త్రీ. గేటు దగ్గర."

"నాతో చెప్పలేదు సార్."

"చెప్పాను. స్కూటర్ మీదున్నాను నేను. చప్పుడుకి నీకు వినపడి ఉండదు."

పై అధికారిని అబద్ధమాడుతున్నావని మేస్త్రీ ఎన్నడూ అనలేదు. ఎలా అంటారో కూడా ఆయనకు తెలియదు.

"నేను మీటింగులో ఇదే చెబుతాను సార్," అంది కోడలు.

"చెప్పు." ఇంజనీరు గొంతు ఇంకా మెత్తబడింది. "నేనొద్దనను. కానీ ఒక్కసారి ఆలోచించమ్మా. నువ్వు చెబితే ఏమంటారు? తన సీసా తప్పు కప్పుకోడానికి ముసలాయన మీదికి తోసిందంటారు. కన్నకూతురైతే చేస్తుందా, కోడలు కాబట్టి చేసిందంటారు. పోనీ మేస్త్రీ లేచి నేనే చేశానన్నాడనుకో. కోడలి ఉద్యోగం కోసం మీదేసుకున్నాడు పాపం అంటారు. మీరిద్దరూ ఒక ఇంటివాళ్ళు. మీలో ఎవరు చెప్పినా అది ఇంటి మాట అవుద్ది, షెడ్డు మాట అవదు."

మామా కోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంట్లో ఎదురుపడకుండా తిరిగిన ఇద్దరూ ఇక్కడ ఒకే ఉచ్చులో రెండు కాళ్ళలాగా ఉన్నారు.

ఇంజనీరు ఫోను తీసి బొగ్గు కంపెనీకి చేశాడు. పాత బొగ్గు తీసేయాలి, ఇవాళే, ఆఁ, రెండు ట్యాంకులూ, లారీ పంపండి అన్నాడు. పాత బొగ్గును వాళ్ళు తీసుకెళ్ళి కొలిమిలో కాలుస్తారు. కాలితే దాంట్లో ఏముందో, ఎక్కడుందో, ఇక ఎవరూ చెప్పలేరు.

"చూశారా," అన్నాడు ఫోను ఆపి. "రేపటికల్లా కొత్త బొగ్గు. జనానికి మంచి నీళ్ళు. మేస్త్రీ పరువు మేస్త్రీకి ఉంటుంది. అందరికీ మంచిదే కదా?"

ఒక్క మనిషికి తప్ప అని ఆయన అనలేదు. తడిసిన బూటు చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయాడు.

కోడలు ఆయన వైపు తిరిగి అంది, "నా చెయ్యేనని చెప్పేస్తాను మావయ్యా."

"చెబితే?"

"నీళ్ళైతే బాగుపడతాయిగా. మీ మీదికి రాదు."

"ఇప్పటిదాకా తాగినోళ్ళకి ఎవరు చెబుతారు?" అన్నాడు మేస్త్రీ. "పిచ్చుకకి నేను చెప్పాను. అదీ అబద్ధం చెప్పాను. ఈ ఊళ్ళో నెలలు నిండినోళ్ళు అదొక్కతేనా? తప్పు సీసాదైతే నీళ్ళు మంచియ్యే అయినట్టు. ఇంక వాళ్ళు డాక్టరుకేం చెబుతారు?"

మేస్త్రీ చిన్నోడి మీద అరచెయ్యి వేశాడు.

"మన మాట చెల్లదన్నాడు. సరే. బొగ్గు మాట చెల్లుద్దా?"

ఆమె తలెత్తింది.

"అడుగు బొగ్గు తీసి చూపిస్తే?" అన్నాడాయన.

"అడుగు బొగ్గు కూడా పై బొగ్గంత నిండి ఉంటే, కలిసిపోయిందని ఎవరికైనా తెలుస్తుంది. ఏ ఊరి ల్యాబు వాళ్ళైనా చెబుతారు. మనం నోరు తెరవక్కర్లేదు." ఆగి, మెల్లగా అంది. "కానీ అది తిరిగి తిరిగి మీ మీదికే వస్తుంది."

"రానీ. కడిగింది నేనేగా."

ఇసక రోజుల్లో ఆయన చేసిన పనే అది. పొడుగాటి గొట్టాన్ని ఇసకలో నిలువునా దించి, పై మూతిని అరచేత్తో గట్టిగా మూసి లాగితే, పొరలు పొరలుగానే గొట్టంలో నిలిచి పైకొస్తాయి. చిన్నోడి అడుగు వాల్వు తిప్పి నీళ్ళు వదిలాడు. పై మూత బోల్టులు విప్పడానికి పానా తీసుకున్నాడు.

"నువ్వెళ్ళి సీసాలు తెచ్చుకో. లారీ వచ్చేలోపు అయిపోవాలి. నీళ్ళు దిగగానే పైనుంచే గొట్టం దింపుతా."

కోడలు పరీక్షల గదికి పరుగెత్తింది. పరుగెత్తింది గానీ, సీసాల దగ్గరికి వచ్చేసరికి నెమ్మదించక తప్పలేదు. ఈసారి ఎవరూ వేలెత్తి చూపకూడదు. కుళాయి నీళ్ళు ముట్టకుండా, పరీక్షల కోసం బయటి నుంచి తెప్పించిన నీళ్ళతో మోచేతుల దాకా సబ్బు లేకుండా రుద్ది రుద్ది కడిగింది. పాత నూలు చొక్కా మార్చుకుంది. ఒక్కో సీసా లోపల తొలిపి, వంచి, మళ్ళీ తొలిపింది. మూతలు విడిగా తొలిపింది. సీసా సీసాకూ చీటీ అంటించింది. ఇంత శుభ్రం చేస్తున్నందుకు ఎక్కడో లోపల ఆమెకు మామ గుర్తొచ్చాడు. ఆయనా ఇలాగే చేసి ఉంటాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి షెడ్డులో చప్పుడు లేదు. కాలువలో నీళ్ళు ఆగిపోయాయి.

"మావయ్యా!"

మెట్లెక్కింది. పై మూత తెరిచి ఉంది. మూత పక్కన ఆయన చెప్పులు ఒకదాని పక్కన ఒకటి వరసగా విడిచి ఉన్నాయి. రంధ్రంలోంచి చెక్క నిచ్చెన తల బయటికి కనిపిస్తోంది.

ఆమెకు అర్థమయింది. బొగ్గు అరిగి అరిగి కిందికి దిగిపోయింది. ఇసక లోతుకు కోసిన గొట్టం పైనుంచి దించితే అడుగుకు అందలేదు. అందకపోతే ఊరుకునే మనిషి కాదు.

ఆమె రంధ్రం అంచున బోర్లా పడుకుని లోపలికి చూసింది. మేస్త్రీ బొగ్గు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. వీపు ట్యాంకు గోడకు ఆనింది. గొట్టం నిండి ఉంది, దాని మూతి మీద ఆయన అరచెయ్యి అలాగే ఉంది. పని అయిపోయింది. ఎక్కి రావడమే మిగిలింది. ఎందుకో ఆయన ఎక్కడం లేదు.

బొగ్గు కంపెనీ మనిషి ఆ రోజు పై గదిలో ఇంకో మాట కూడా చెప్పాడు. తడిసిన బొగ్గు గాలిలో ప్రాణవాయువును కూడా లాగేసుకుంటుందన్నాడు. మూతేసి ఉంచిన ట్యాంకులో, మూత తీశాక కూడా, మనిషికి సరిపడా మిగలనివ్వదు. వాసన రాదు, పొగ ఉండదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదు. లోపలి మనిషికి నిద్ర ముంచుకొస్తుంది, అంతే. వాణ్ణి తీయబోయి దిగిన రెండో మనిషికీ అంతే అన్నాడు.

"మావయ్యా! లేవండి! నిచ్చెన పట్టుకోండి!"

మేస్త్రీ తలెత్తాడు. తాగిన వాడిలా నవ్వాడు.

"వచ్చిందమ్మా... పొర కదల్లేదు. పట్టుకో."

"గొట్టం వదిలేయండి! మీరు రండి! ఒక్క మెట్టు ఎక్కండి, చాలు!"

"పట్టుకోమంటుంటే."

ఆయన గొట్టాన్ని మెల్లగా పైకెత్తాడు. మూతి మీద చెయ్యి తీయకుండా, చంటిబిడ్డను అందించినట్టు అందించాడు. దాని కొస ఆమె వేళ్ళకు తగిలింది. గొట్టంతో పాటు ఆయన చెయ్యీ అందుతుందని ఆమె భుజం దాకా లోపలికి వంగి లాగింది. గొట్టం వచ్చింది. దాన్ని పట్టుకున్న చెయ్యి మాత్రం జారి బొగ్గు మీద పడింది.

ఆమె కేక షెడ్డు రేకులకు తగిలి తిరిగొచ్చింది. కింద తడి బూటు చప్పుడు. ఇంజనీరు మెట్లు రెండేసి ఎక్కి వచ్చాడు, రంధ్రంలోకి చూశాడు. కళ్ళజోడు తీసి జేబులో పడేశాడు.

"దిగకూడదని... నేను చెప్పలేదు," అన్నాడు. "ఏదీ చెప్పలేదమ్మా. గేటు దగ్గర నేనసలు ఆగనే లేదు."

పొద్దుట నుంచి ఆమెకు కావలసిన మాట అది. ఇప్పుడు దాన్ని పెట్టుకోవడానికి చోటు లేదు. వినడానికి మూడో మనిషీ లేడు.

ఇంజనీరు బూట్లు విప్పి పారేశాడు. ఒక కాలు నిచ్చెన మీద పెట్టాడు. కోడలు గొట్టం మూతిని ఒక అరచేత్తో మూసి పట్టుకునే, రెండో చేత్తో ఆయన చొక్కా వెనక నుంచి గుప్పిట పట్టింది.

"దిగితే మీరూ లేవరు సార్."

"మరి చూస్తూ నిలబడమంటావా?"

ఆమె చొక్కా వదల్లేదు. లోపల మేస్త్రీ తల, మధ్యాహ్నం పూట కునుకు పట్టిన మనిషి తలలా, మెల్లగా గుండెల మీదికి వాలింది.